పీర్ అంటే ఎవరు? అర్ధరాత్రి తలుపు తట్టేది పోలీసా, తోటి మనిషా?

అమెరికాలో చదువుకునే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాటాక పడే మెసేజీల్లో ఒక రకం ఉంది. "మా రూమ్మేటు మూడు రోజుల్నుంచి నిద్రపోవట్లేదు. ఎవరో తనని గమనిస్తున్నారంటాడు. గదిలో తలుపేసుకున్నాడు. 911కి చెయ్యాలా, 988కి చెయ్యాలా?" 911 అక్కడ పోలీసుకీ అంబులెన్స్‌కీ చేసే అత్యవసర నంబరు, 988 మానసిక కష్టాలకు చేసేది. కింద వరసగా జవాబులు. వెంటనే 911 అని ఒకరు. పొరపాటున కూడా వద్దు, పోలీసులొస్తారు, వాళ్ల దగ్గర తుపాకులుంటాయి అని ఇంకొకరు. మూడోవాళ్లు వీసా సంగతి ఎత్తుతారు. ఈ గొడవలో ఎవరో ఒకరు, "మీ కౌంటీలో క్రైసిస్ టీమ్ ఉందేమో కనుక్కో, అందులో పీర్ ఉంటారు" అంటారు. అక్కడ అందరూ ఆగిపోతారు. పీర్ అంటే ఎవరు?

మన చెవికి పీర్ అనగానే పీర్ల పండగ, పీర్ల చావిడి గుర్తొస్తాయి. ఈ పీర్ వేరు. "మనలాంటి వాడు", "తోటివాడు" అనే అర్థంలో వాడే ఇంగ్లిషు మాట అది. అమెరికాలో ఇప్పుడది ఒక ఉద్యోగం పేరు.

అనుభవమే అర్హతగా ఇచ్చే ఉద్యోగం

పీర్ సపోర్ట్ వర్కర్ అంటే తాను స్వయంగా మానసిక వ్యాధినో, వ్యసనాన్నో, ఆత్మహత్య ఆలోచనలనో దాటి వచ్చిన మనిషి. ఆ తర్వాత శిక్షణ పొంది, సర్టిఫికెట్ తీసుకుని, జీతానికి పనిచేస్తాడు. డాక్టరు కాడు, కౌన్సెలర్ కాడు. రోగ నిర్ధారణ చెయ్యడు, మందులు రాయడు. ఇలాంటివి నాకూ వినిపించాయి, నేనూ ఆసుపత్రిలో పడుకున్నాను అని చెప్పగలగడమే అతని అర్హత.

దీనికి తెలుగులో సరైన మాట లేదు. "అనుభవజ్ఞుడు" అంటే ఇరవై ఏళ్ల సర్వీసున్న ఇంజినీరు గుర్తొస్తాడు. జబ్బుపడి లేచిన అనుభవాన్ని మనం అనుభవం కింద లెక్కెయ్యం, దాచుకుంటాం. మనకు తెలిసినవాటిలో దీనికి దగ్గరగా ఉన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు. అక్కడ తాగుడు మానిన మనిషే తాగే మనిషికి తోడు. తేడా అల్లా అక్కడ జీతం లేదు, ఇక్కడ ఉంది. ఈ జీతం దగ్గరే కథ చిక్కుపడింది, దానికి తర్వాత వద్దాం.

"క్రైసిస్" గురించీ ఒక మాట. అది జబ్బు పేరు కాదు, ఒక ఘడియ పేరు. స్కిజోఫ్రేనియా ఉన్న మనిషి ఇరవై ఏళ్లు ఏ క్రైసిసూ లేకుండా ఉద్యోగం చేసుకోవచ్చు. ఏ జబ్బూ లేని మనిషి ఉద్యోగం పోయిన రాత్రి క్రైసిస్‌లో పడొచ్చు. ఇంట్లో ఉన్నవాళ్లకు చెయ్యి దాటిపోయిందనిపించే ఘడియ అది.

ప్యారిస్ ఆసుపత్రి నుంచి జార్జియా బిల్లు దాకా

కోలుకున్న రోగిని పనిలో పెట్టుకోవడం కొత్త ఆలోచన కాదు. 1790లలో ప్యారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో పిచ్చివాళ్ల వార్డు చూసుకున్న జాన్ బాప్టిస్ట్ ప్యుసాఁ కోలుకున్నవాళ్లనే పరిచారకులుగా తీసుకునేవాడు. వాళ్లు రోగులను కొట్టరని అతని నమ్మకం. ఆయనా ఒకప్పుడు ఆ ఆసుపత్రిలో రోగే, గండమాల వ్యాధితో చేరాడు.

ఆధునిక కథ 1970లలో అమెరికాలో మొదలైంది. బలవంతంగా ఆసుపత్రుల్లో ఉంచబడి బయటికొచ్చినవాళ్లు ఒకరికొకరు తోడుగా సంఘాలు పెట్టుకున్నారు. జూడీ ఛాంబర్లిన్ వాళ్లలో ముఖ్యురాలు. అప్పట్లో అది వైద్య వ్యవస్థ మీద తిరుగుబాటు. అదే వ్యవస్థ తర్వాత వాళ్లకు జీతాలివ్వడం మొదలుపెట్టింది. పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ ఖాతాలో పీర్ సేవలకు బిల్లు పెట్టిన మొదటి రాష్ట్రం జార్జియా, 1999లో. 2007 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. మూడు షరతులు పెట్టింది: పీర్ మీద పర్యవేక్షణ ఉండాలి, చికిత్స ప్రణాళికలో ఆ పని భాగంగా ఉండాలి, శిక్షణా సర్టిఫికెట్టూ ఉండాలి. శిక్షణ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, 40 నుంచి 80 గంటలు మామూలు.

మనసు చెదిరితే పోలీసు ఎందుకొస్తాడు?

ఇది మనవాళ్లకు ముందు అర్థం కాని సంగతి. ఒంట్లో బాగోకపోతే అంబులెన్స్ వస్తుంది, మనసు బాగోకపోతే తుపాకీ ఉన్న మనిషి ఎందుకు రావాలి?

పెద్ద పెద్ద మానసిక ఆసుపత్రులు మూతపడ్డాయి. వాటి బదులు వస్తాయన్న ఊరి క్లినిక్కులు సరిపడా రాలేదు. రాత్రి రెండింటికి ఫోనెత్తేదీ, మనిషిని పంపేదీ 911 ఒక్కటే. అలా ఆ పని పోలీసుల నెత్తిన పడింది. 1987లో మెంఫిస్‌లో మానసిక వ్యాధి ఉన్న ఒక యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపాక, మరుసటి ఏడాది ఆ నగరం కొందరు పోలీసులకు 40 గంటల ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. సీఐటీ (క్రైసిస్ ఇంటర్వెన్షన్ టీమ్) అనే ఈ పద్ధతి దేశమంతా పాకింది. అయినా 2015 నుంచి పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ల లెక్క రాసిన వాషింగ్టన్ పోస్ట్ జాబితాలో దాదాపు ఐదుగురిలో ఒకరికి మానసిక వ్యాధి లక్షణాలున్నాయి. 2020 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో డేనియల్ ప్రూడ్ కోసం 911కి ఫోన్ చేసింది సొంత అన్నే. తమ్ముడి మనసు బాగోలేదు, సాయం చెయ్యమని. పోలీసులు నేలకు అదిమిపట్టాక ఊపిరాగింది. వారం రోజులకు చనిపోయాడు.

2022 జులై 16న 988 వచ్చింది. ఇది వైద్యం కాదు, పోలీసూ కాదు. ఆత్మహత్య ఆలోచనలకూ మానసిక క్రైసిస్‌కూ ఫోన్ లైను. ఇంగ్లిషు, స్పానిష్ కాక మిగతా భాషలకు ఫోన్‌లో దుబాసీని కలుపుతారు. దాని వెనక ఉన్న ఆలోచన మూడంచెలది: మాట్లాడ్డానికి ఒకరు, ఇంటికి రావడానికి ఒకరు, వెళ్లి ఉండడానికి ఒక చోటు. ఇంటికొచ్చే రెండో అంచె పేరే మొబైల్ క్రైసిస్ టీమ్. దానికి డబ్బు ఇవ్వడానికి 2021లో తెచ్చిన చట్టంలో, మొదటి మూడేళ్లు ఖర్చులో 85 శాతం దాకా కేంద్రం భరించేలా పెట్టారు. టీమ్‌లో పరీక్షించి అంచనా వెయ్యగల మానసిక ఆరోగ్య నిపుణుడు ఒకరు తప్పనిసరి. పీర్ ఉండొచ్చు, ఉండాలని లేదు.

ఒక ఊహ: కిరణ్ గది ముందు

కిరణ్ అనే కుర్రాడు అనుకుందాం. టెక్సస్‌లో ఎంఎస్ రెండో ఏడు. మూడు రాత్రులుగా నిద్ర లేదు. ల్యాప్‌టాప్ కెమెరాకు టేపు అంటించాడు, రూటరు పీకేశాడు. చేతిలో ఏమీ లేదు, ఎవర్నీ బెదిరించలేదు. తలుపు మాత్రం తియ్యట్లేదు. ఖమ్మం నుంచి వాళ్లమ్మ ఫోన్‌లో ఏడుస్తోంది.

మొదటి దారి: రూమ్మేటు 911కి చేస్తాడు. కంగారులో "వాడు చాలా వయొలెంట్‌గా ఉన్నాడు" అంటాడు, గోడకు పుస్తకం విసిరాడు కాబట్టి. ఫోనెత్తినావిడ కంప్యూటర్‌లో ఆ ఒక్క మాట పడింది. ఇద్దరు పోలీసులొస్తారు. తలుపు తియ్యమంటారు. తనని ఎవరో గమనిస్తున్నారని మూడు రోజులుగా నమ్ముతున్న కుర్రాడికి తలుపు బయట యూనిఫాం కనిపిస్తుంది. అతని భయం నిజమైపోయింది.

రెండో దారి: 988. ఆయుధం లేదు, దెబ్బలు లేవు అని కనుక్కుని, ఆ కౌంటీలో టీమ్ ఉంటే పంపుతారు. ఒక సోషల్ వర్కరు, ఒక పీర్. సోషల్ వర్కరు రూమ్మేటుతో వంటగదిలో మాట్లాడుతుంటే పీర్ వెళ్లి కిరణ్ గది తలుపు పక్కన నేల మీద కూర్చుంటాడు. తలుపు తియ్యమని అడగడు.

"నీళ్లు కావాలా? నాక్కావాలి, నేనైతే తెచ్చుకుంటా."

లోపల్నుంచి జవాబు లేదు. కాసేపటికి, "నాకూ ఒకప్పుడు ఫోన్ అంటే భయం ఉండేది. పదకొండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టాను" అంటాడు.

"... ఫ్రిజ్‌లో ఎందుకు?"

అదీ పీర్ చేసే పని. ఎవరూ నిన్ను గమనించట్లేదు అని వాదించడు, అవును గమనిస్తున్నారు అని ఒప్పుకోడు. ఆ భయంలో తానూ ఉన్నానని ఒక్క ముక్క చెప్పి ఆగుతాడు. కథ మొత్తం విప్పితే అది కిరణ్ రాత్రి కాక అతని రాత్రి అవుతుంది. శిక్షణలో ఎక్కువ భాగం ఈ ఆగడం గురించే.

తలుపు తీసుకున్నాక ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్నది సోషల్ వర్కరు అంచనా. కిరణ్‌కి మందు అవసరమయ్యే అవకాశమే ఎక్కువ. పీర్ వచ్చాడు కాబట్టి జబ్బు తగ్గదు. చేతులకు బేడీల్లేకుండా, తన కాళ్ల మీద తాను నడిచి కారెక్కుతాడు, అంతే తేడా. రేపు మందు వేసుకుంటాడా, ఇంకోసారి సాయం అడుగుతాడా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుందంటారు ఈ పద్ధతిని నమ్మేవాళ్లు.

అంకెలు ఎవరివో చూసుకోవాలి

పీర్ల గురించి రాసే వార్తల్లో ఎక్కువగా కనిపించే ఉదాహరణలు రెండు. ఓరెగాన్‌లోని యూజీన్ నగరంలో 1989 నుంచి నడిచిన కహూట్స్, డెన్వర్‌లో 2020 జూన్‌లో మొదలైన స్టార్. రెండూ పోలీసు లేకుండా వ్యాన్ పంపే పథకాలే. కానీ కహూట్స్ వ్యాన్‌లో ఉండేది ఒక మెడిక్, ఒక క్రైసిస్ వర్కరు. డెన్వర్‌లో ఒక పారామెడిక్, ఒక మానసిక ఆరోగ్య నిపుణుడు. వాటి ఫలితాలు "పోలీసు బదులు వేరేవాళ్లు" అన్నదానికి రుజువు. "పీర్ ఉంటే మేలు" అన్నదానికి కాదు. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి రాయడం వల్లే సగం గందరగోళం.

మొదటి ప్రశ్నకు జవాబు బాగానే ఉంది, నిర్వివాదం కాదు. డెన్వర్‌లో మొదటి ఆరు నెలల్లో 748 ఘటనలకు వెళితే ఒక్క అరెస్టూ జరగలేదు. ఆ వ్యాన్ తిరిగిన ప్రాంతాల్లో చిన్న నేరాల ఫిర్యాదులు 34 శాతం తగ్గాయని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది. యూజీన్‌లో లెక్క దగ్గరే తగాదా. నగరానికొచ్చే కాల్స్‌లో 17 శాతం కహూట్సే చూస్తోందని బాగా ప్రచారమైంది. పోలీసు శాఖ విశ్లేషణ మాత్రం 5 నుంచి 8 శాతమే అంది. ఎవరూ అబద్ధమాడలేదు. నూరు కాల్స్‌లో 17తో కహూట్స్‌కు ఏదో ఒక సంబంధం ఉన్న మాట నిజం. అయితే వాటిలో షెల్టరు దాకా దింపడం, ఎలా ఉన్నారో చూసి రావడం లాంటివి చాలా ఉన్నాయి. వ్యాన్ లేకపోయినా పోలీసు వెళ్లని పనులవి. అవి తీసేస్తే పోలీసుకు నిజంగా తగ్గిన భారం మిగులుతుంది. పోలీసు శాఖ లెక్కపెట్టింది పోలీసుకు తగ్గిన పని. నగరం చూడాల్సింది సాయం అందిన మనుషుల్నైతే, ఆ షెల్టరు ప్రయాణాల్ని కొట్టెయ్యడం ఏం న్యాయమో నాకైతే తెలీదు. ఏదేమైనా డబ్బులు చాలక యూజీన్‌లో కహూట్స్ 2025 ఏప్రిల్‌లో ఆగిపోయింది.

రెండో ప్రశ్నకు, అంటే పీర్ వల్ల ఏం మారుతుందనేదానికి, గట్టి ఆధారం ఉన్నది వీధిలో కాదు. క్రైసిస్ అయిపోయాక ఇంటికొచ్చిన మనిషి దగ్గర ఉంది. ఇంగ్లండ్‌లో క్రైసిస్ టీమ్ చికిత్స ముగిసిన 441 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు తమ ఆరోగ్యం తాము చూసుకునే వర్క్‌బుక్ ఒకటి పోస్టులో పంపారు. రెండో గుంపుకు అదే వర్క్‌బుక్‌తో పాటు పీర్ వర్కరు పది విడతల దాకా వచ్చి కూర్చున్నాడు. ఏడాదిలోగా మళ్లీ అత్యవసర చికిత్సకు వెళ్లినవాళ్లు పుస్తకం గుంపులో 38 శాతం, పీర్ గుంపులో 29 శాతం. ఈ అధ్యయనం 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నూటికి తొమ్మిది మంది తేడా, ఈ రంగంలో చిన్నది కాదు.

అంతకుముందు 2013లో, వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 11 ప్రయోగాలను, 2,796 మందిని కలిపి చూసి, పీర్లు చేసినా నిపుణులు చేసినా ఫలితం దాదాపు ఒకటేనని తేల్చింది. అత్యవసర సేవల వాడకం కొద్దిగా తగ్గింది. ఆధారాల నాణ్యత గొప్పగా లేదనీ చెప్పింది. దీన్ని ఇరువైపులవాళ్లూ వాడుకుంటారు. ఒకరు "చూశారా, పీర్ వల్ల ఒరిగిందేమీ లేదు" అంటారు. మరొకరు "ఏళ్ల తరబడి చదివినవాళ్లతో సమానంగా చేశారు కదా" అంటారు.

అంటే పీర్‌ను ఏ గడప దగ్గర నిలబెట్టామన్నదే అసలు సంగతి. ఫోన్ దగ్గరా, వీధిలోనా, ఇంటి తలుపు ముందా, ఆసుపత్రి నుంచి వచ్చాక మంచం పక్కనా? వార్తలు వీధి గురించి, రుజువులు ఎక్కువగా మంచం పక్క గురించి.

అనుమానాలు ఎవరెవరివి

డాక్టర్ల అనుమానం సూటిగా ఉంటుంది. అర్ధరాత్రి అపరిచితుడి తలుపు ముందు ప్రమాదం ఎంతో అంచనా వెయ్యడానికి 80 గంటల శిక్షణ చాలుతుందా? ఆ దృశ్యం పీర్ పాత గాయాన్ని రేపితే అతన్నెవరు చూసుకుంటారు? పీర్‌ను ఒంటరిగా కాక నిపుణుడితో కలిపి పంపాలనేది ఇందుకే.

తల్లిదండ్రుల బాధ వేరు. పీర్ ఆ మనిషి పక్షాన ఉంటాడు, కుటుంబం పక్షాన కాదు. కిరణ్ వెళ్లనంటే పీర్ దాన్ని గౌరవిస్తాడు. ఖమ్మంలో ఉన్న తల్లికి ఆ గౌరవం నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. ఆవిడది తప్పనలేం.

అందరికంటే ఘాటైన విమర్శ పాత ఉద్యమకారుల నుంచే వస్తుంది. జీతం తీసుకున్నాక పీర్ తోటివాడిగా మిగులుతాడా అని. పర్యవేక్షకుడు డాక్టరు, రాసేది చార్టు, చేసే పని "మందేసుకోమని నచ్చజెప్పు". తక్కువ జీతానికి దొరికే సహాయకుణ్ణి తయారుచేసుకున్నారని వాళ్ల కోపం. 988 మీదా వాళ్లకు అనుమానముంది: ప్రాణాపాయం అనిపిస్తే మనిషి ఒప్పుకోకపోయినా ఆ లైను నుంచి 911కి చెప్పొచ్చు. అలాంటివి నూటికి రెండు కన్నా తక్కువంటారు నిర్వాహకులు. ఆ ఇద్దరిలో నేనుంటే అంటారు వీళ్లు.

ఇక ఫోన్ దగ్గర కూర్చున్నవాళ్ల ఇబ్బంది. ఏ కాల్ ఎవరికి పంపాలో అర నిమిషంలో తేల్చాలి, తప్పయితే మాట పడాలి. కాబట్టి అనుమానమొస్తే పోలీసునే పంపుతారు. మానసిక క్రైసిస్ కాల్స్‌కు పోలీసు బదులు వైద్య సిబ్బందిని పంపడానికి న్యూయార్క్ నగరం 2021లో మొదలుపెట్టిన బీహెర్డ్ పథకంలో, సగానికి పైగా కాల్స్ "అర్హత లేనివి"గా మిగిలాయని ఆడిట్‌లో తేలింది. పీర్ ఎంత మంచివాడైనా అతని దాకా కాల్ రావాలి కదా.

మన దగ్గర తోటివాడంటే పక్కింటివాడు

హైదరాబాద్‌లోనో తెనాలిలోనో కిరణ్ ఉంటే ఏమయ్యేది? మేనమామ వచ్చేవాడు, పక్కింటి అంకులొచ్చేవాడు, నలుగురూ పట్టుకుని ఆటోలో ఎర్రగడ్డకో, విశాఖ పెదవాల్తేరు వైపో తీసుకెళ్లేవాళ్లు. లేదంటే ముందు తాయెత్తు. మొబైల్ టీమూ కుటుంబమే, అంబులెన్సూ కుటుంబమే.

చట్టం మాత్రం మంచిదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం దిక్కులేక తిరుగుతున్న మానసిక రోగిని పోలీసు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుల్లో జిల్లా జడ్జి, సైకియాట్రిస్టులతో పాటు రోగులకో, సంరక్షకులకో, వాళ్ల సంస్థల ప్రతినిధులకో రెండు కుర్చీలు కేటాయించింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవకు, 14416 నంబరుకు చేసి తెలుగులో మాట్లాడొచ్చు. అయితే అక్కడ ఫోనెత్తేది శిక్షణ పొందిన కౌన్సెలరు, పీర్ కాదు. ఇంటికెవరూ రారు.

దేశంలో దీనికి దగ్గరి ప్రయత్నాలు గుజరాత్‌లో జరిగాయి. అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో రోగుల హక్కులకు పెద్దపీట వేసే డబ్ల్యూహెచ్ఓ క్వాలిటీ రైట్స్ పద్ధతి అమలు చేసినప్పుడు కోలుకున్నవాళ్లను తోడుగా పెట్టారు. మెహ్సానా జిల్లా పల్లెల్లో నడిచిన ఆత్మీయత పథకం వేరు. ఊళ్లో నలుగురూ నమ్మే మనిషికి శిక్షణ ఇచ్చి, కష్టంలో ఉన్నవాళ్ల మాట వినమన్నారు. మన పశ్చిమ గోదావరిలో ఆశా కార్యకర్తలతో చేసిన స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టు కూడా ఈ రెండో కోవదే. వీళ్లు తోటి ఊరివాళ్లు, తోటి రోగులు కాదు. పత్రికలు అన్నిటినీ ఒకే గాటన కట్టి పీర్ అంటాయి.

తోటి రోగిని తేవడం మన దగ్గర ఎందుకు కష్టమో చెప్పడానికి అధ్యయనం అక్కర్లేదు. డల్లాస్‌లో కిరణ్ తలుపు ముందు కూర్చున్నవాడు మళ్లీ కనిపించడు. తెనాలిలో కూర్చున్నవాడు వచ్చే నెల పెళ్లి పందిట్లో పక్క కుర్చీలో ఉంటాడు. "నాకూ ఒకప్పుడు ఇలాగే అయింది" అని అతనన్న మాట అతని చెల్లెలి సంబంధం దాకా వెళుతుంది. వినేవాడి గుట్టు కాపాడ్డానికి నియమాలున్నాయి, చెప్పేవాడి గుట్టుకు ఏమీ లేదు.

అమెరికాలో ఆ గుట్టును జీతం కొంత కప్పింది, అది ఉద్యోగ ధర్మమైంది కాబట్టి. మళ్లీ ఆ జీతం దగ్గరకే వద్దాం. మెడికెయిడ్ బిల్లులో పీర్ సేవకు ఒక కోడ్ ఉంది, పావుగంట ఒక యూనిట్. కిరణ్ లాంటివాడికి ఆ బీమా ఉండదు, కాని టెక్సస్‌లో అతని పక్క వీధి పేదవాడి తలుపు ముందైనా లెక్క ఇదే. అతనితో పీర్ గంటసేపు నేల మీద కూర్చుని, నాలుగు మాటలాడి, మిగతా సేపు ఊరికే ఉంటే, తెల్లారాక వ్యాన్‌లో ల్యాప్‌టాప్ తెరిచి ఆ నాలుగు పావుగంటల్లో "ఏ సేవ అందించారు" అన్న గడి నింపాలి.